పదో రోజు కాగితం

పద్దెనిమిదేళ్ళుగా ఒక కాగితం నా ఇంట్లో ఉంది. రేషన్ కార్డు, కరెంటు బిల్లులు దాచే రేకుపెట్టెలో, ప్లాస్టిక్ కవరులో. అంత తేలికైన కాగితాన్ని మోయలేక నేను చితికిపోయాను. ఈ సంగతి ఇంతవరకు బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు పెగులుతోందేమో. ఇదీ ఒక రకం పిరికితనమే కదా అని మీరంటే కాదనను.

నా పేరు రాయను. నా భార్యను ఇక్కడ అనసూయ అంటాను, కూతురిని దివ్య అంటాను. అవి వాళ్ళ పేర్లు కావు. ఊరు మాత్రం మార్చను. సోలాపూర్. మా తాత కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి ఇక్కడ మగ్గం వేసుకున్నాడు. నేను మగ్గం నేయలేదు, చద్దర్లు, అంటే దుప్పట్లు, నేసే కార్ఖానాలో చెకింగ్ పనిలో చేరాను. దిగిన చద్దర్‌ను బల్ల మీద పరచి, వెలుతురుకు పట్టి, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ పువ్వు చెదిరిందో చూసి పక్కకు తీయడం నా పని. తప్పు పట్టడంలో నా కంటికి పేరుంది. నవ్వుకోండి. నేను కూడా చాలాసార్లు నవ్వబోయాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మగ్గానికి కొత్త బీము, అంటే పడుగు దారం చుట్టిన కడ్డీ, ఎక్కించాక దిగిన మొదటి చద్దర్‌ను మాస్టర్ దగ్గరికి తీసుకుపోతారు. ఆయన రెండు వైపులా తిప్పి చూసి, బాగుంటే మూలన నీలం ముద్ర వేస్తాడు. ఆ ముద్ర పడిందంటే ఆ బీము పాసైనట్టే. తర్వాత దిగేవాటిని పైపైన చూసి మడతేస్తాం. కానీ మాలో ప్రతివాడికీ తెలిసిన ఇంకో సంగతి ఉంది. బీము లోపలి చుట్లలో ఎక్కడో పోగులు తెగి చిక్కుపడి ఉంటే అది మొదటి చద్దర్‌లో కనబడదు. దారం విప్పుకుంటూ విప్పుకుంటూ ఆ చుట్టు దగ్గరికి వచ్చినప్పుడే బయటపడుతుంది. అందాక ఆగాలి. ఇది నాకు మీసాలు రాకముందే తెలుసు. తెలిసి కూడా నేను ఏం చేశానో చెబుతాను.

అనసూయతో పెళ్ళయి రెండేళ్ళయింది అప్పటికి. ఆమె ఇంట్లో బీడీలు చేసేది. చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే చేతులు వాటంతటవే కదిలేవి, కళ్ళు మాత్రం నా మీద ఉండేవి. పిల్లలు ఇంకా లేరు. మా అమ్మ రోజూ ఏదో ఒక నెపంతో ఆ మాట ఎత్తేది. ఆ చలికాలం హుబ్లీలో చద్దర్ల సేల్ పెట్టారు. నెల రోజులు మా కార్ఖానా వాళ్ళం ముగ్గురం అక్కడే ఒక గదిలో ఉన్నాం. నెల ముగిసేముందు ఒక సాయంత్రం మిగతా ఇద్దరితో కలిసి నేనూ పోయాను. ఎక్కడికో మీకు అర్థమయే ఉంటుంది. తాగి ఉన్నాను అని చెప్పుకోవచ్చు. తాగాను గానీ, దారి తెలియనంత తాగలేదు. ఆ ఆడమనిషి ముఖం నాకు గుర్తు లేదు. ఆమెను ఒక్క మాట అనను. ఆమెకు ఆ రోగం ఎవడు తెచ్చి ఇచ్చాడో ఎవరికి తెలుసు?

ఊరికి వచ్చాక భయం పట్టుకుంది. ఒళ్ళు వెచ్చబడితే అదే అనుకున్నాను. గొంతు నొప్పెడితే అదే అనుకున్నాను. అనసూయ పక్కన కూర్చుంటే జరిగి కూర్చునేవాణ్ణి. తట్టుకోలేక, పని నుంచి సగం పూట సెలవు పెట్టి, సర్కారు దవాఖానకు పోయి, ఆ రోగం ఉందో లేదో చూడమని రక్తం ఇచ్చాను. హుబ్లీలో ఆ సాయంత్రం నుంచి చూసుకుంటే అది పదో రోజు.

అక్కడ రిపోర్టు ఇచ్చే ముందు కూర్చోబెట్టి మాట్లాడే ఒక మేడమ్ ఉంది. మరాఠీ ఆవిడ. వయసులో నాకంటే చిన్నది, కానీ ఓపిక ఎక్కువ. నెగెటివ్ అని చెప్పగానే నేను లేవబోయాను. కూర్చో అంది. ఈ టెస్టు నేరుగా రోగాన్ని పట్టుకోదు, రోగం మీద పోరాడడానికి ఒళ్ళు తయారుచేసుకునే వాటిని వెతుకుతుంది, అవి తయారుకావడానికి వారాలు పడుతుంది అని చెప్పింది. నీ రిపోర్టు హుబ్లీకి ముందు రోజుల గురించి చెబుతోంది, హుబ్లీ గురించి ఇంకా ఏమీ చెప్పలేదు అంది. మూడు నెలలకు మళ్ళీ రావాలి, అందాక ఇంట్లో నిరోధ్ లేకుండా ఉండకూడదు, ఒకవేళ అంటుకుని ఉంటే ఈ మొదటి నెలల్లోనే పక్కవాళ్ళకు అంటించే ప్రమాదం ఎక్కువ అంది. అర్థమైందా అని రెండుసార్లు అడిగింది. అర్థమైందన్నాను. అర్థమైంది కూడా. మళ్ళీ రావాల్సిన తేదీని కాగితం వెనకవైపు మరాఠీలో పెన్నుతో రాసి, కింద రెండు గీతలు గీసింది. నిరోధ్ ప్యాకెట్లు చేతిలో పెట్టింది.

ఆ ప్యాకెట్లు దవాఖాన గేటు దాటగానే మోరీలో పడేశాను.

ఎందుకు పడేశానో చెబితే మీకు సిల్లీగా ఉంటుంది. వాటిని ఇంటికి తీసుకుపోతే అనసూయ అడుగుతుంది, ఎందుకు అని. పిల్లల కోసం చూస్తున్న ఇంట్లో మొగుడు అవి తెస్తే ఏ ఆడది అడగదు? ఆ ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉంది, కానీ చెప్పే ధైర్యం లేదు. ఒక్క ‘ఎందుకు’ను తప్పించుకోవడానికి నేను చేసిన మొదటి పని అది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

కాగితం మీద నీలం ముద్ర ఉంది. ముద్ర పడింది కదా అనుకున్నాను. వారం రోజులు దూరంగా ఉన్నాను. తర్వాత ఉండలేదు. ఆమె ఆ వారమంతా తనవల్ల ఏదో తప్పు జరిగిందేమోనని మథనపడిందట. నేను మామూలుగా అయ్యేసరికి సంతోషించింది. ఆమె సంతోషం నాకు గుర్తుంది. అది గుర్తొచ్చినంతగా ఇంకేదీ నన్ను బాధపెట్టదు.

మూడు నెలల తేదీ వచ్చింది. ఆ రోజు నేను సైకిల్ మీద ఆ దవాఖాన గేటు ముందు నుంచే పోయాను. ఆగలేదు. అప్పటికే అనసూయకు వేవిళ్ళు మొదలయ్యాయి. మా అమ్మ వీధంతా చెప్పుకుంటూ తిరుగుతోంది. ఇంత సంతోషంలో పోయి చెడ్డమాట వినడం దేనికి అనుకున్నాను. వినకపోతే లేనట్టేనా? ఆ మాట అప్పుడు నన్ను నేను అడగలేదు. తర్వాత రోజూ అడిగాను.

గర్భిణులకు చేసే రక్తపరీక్షలో అనసూయకు ఉందని తేలింది.

మా అమ్మ ఆమెతో కూడా దవాఖానకు పోయింది. నేను పని నుంచి వచ్చేసరికి అనసూయ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, చాట తిరగబడి ఉంది, తంబాకు నేలంతా చిందింది. మా అమ్మ బయట అరుగు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడడం లేదు. అనసూయ విషయం చెప్పగానే నాకు తెలిసిపోయింది. నాకెలా వచ్చిందో, ఆమెకెలా వచ్చిందో, ఏ వారంలో వచ్చిందో కూడా. ఆ నిమిషంలో నోరు తెరిచి ఉంటే ఏమయ్యేది? మా అమ్మ ఏడ్చేది. నాలుగు మాటలు అనేది. అనసూయ నన్ను కొట్టి ఉండేది, కొట్టాలి కూడా. కానీ ఇద్దరం కలిసి దవాఖానకు పోయి ఉండేవాళ్ళం. అంతకంటే ఏం కాదు. అంత చిన్నదానికి భయపడి అంత పెద్ద పాపం చేశాను.

దవాఖాన వాళ్ళు మొగుడిని తీసుకురమ్మన్నారు, ఆయనకూ పరీక్ష చేయాలన్నారు. అమ్మ నా వైపు చూసింది. నేను అన్నాను, నాకు చేయించుకున్నాను, నాకు లేదు, కాగితం కూడా ఉంది.

ఆ మాట అన్న నోటితోనే ఈ పద్దెనిమిదేళ్ళూ అన్నం తిన్నాను.

తర్వాత జరిగింది అంతా వేగంగా జరిగింది. మొగుడికి లేదంటే పెళ్ళానికి ఎక్కడి నుంచి వచ్చింది? అనసూయ వారానికి రెండుసార్లు చుట్టినవి అప్పగించడానికి బీడీ కార్ఖానాకు పోయేది. అక్కడ బీడీలు చూసి, పనికిరానివి ఏరి పారేసే ఒకతను ఉండేవాడు. అందరివీ గుప్పెళ్ళు గుప్పెళ్ళు పారేసేవాడట, అనసూయవి తక్కువ పారేసేవాడట. ఆమె చేతిపని అంత శుభ్రం. ఆ శుభ్రమే ఆమె మీద సాక్ష్యమైంది. అతనితో ఆమెకు ఏదో ఉందని అమ్మ ఒకరి చెవిలో వేసింది. రెండు రోజుల్లో అది వీధిది అయింది.

ఒక ఆదివారం పొద్దున మా ఇంటి ముందు గదిలో పెద్దమనుషులు ఐదుగురు కూర్చున్నారు. అనసూయ తరఫున ఆమె అక్క ఒక్కతే వచ్చింది, తల్లిదండ్రులు లేరు. పెద్దమనుషుల్లో ముఖ్యుడు మా కార్ఖానా పెద్ద మాస్టర్. నాకు చెకింగ్ నేర్పినవాడు. తండ్రి లేని నన్ను పనిలో పెట్టినవాడు. కాగితం తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ముందు రోజే ఆ కాగితాన్ని నేను ప్లాస్టిక్ కవరులో పెట్టాను. దాని వెనక రేషన్ కార్డు జిరాక్సు ఒకటి పెట్టాను. ఎందుకంటే వెనకవైపు ఆ మేడమ్ రాసిన తేదీ ఉంది, రెండు గీతలతో. తొందరలో, భయంలో జరిగిపోయింది అని నేను చెప్పుకోవడానికి లేదు. సరిపోయే సైజు జిరాక్సు కోసం పెట్టె అంతా వెతికాను.

మాస్టర్ కవరును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు, చద్దర్‌ను చూసినట్టే. ముద్ర మీద వేలు పెట్టాడు. చద్దర్‌నైతే తప్పకుండా తిప్పి చూసేవాడు, తిప్పకుండా పాస్ చేస్తే నా చేతి మీద కొట్టేవాడు. కాగితాన్ని తిప్పలేదు. పక్కవాడికి ఇచ్చాడు. ఐదుగురూ ముద్ర చూశారు. అందరూ మగ్గాల మధ్య బతికినవాళ్ళే. ముద్ర పడిందంటే పాసే. నేను పాసయ్యాను.

వాళ్ళు చాయ్ తాగడానికి బయటికి లేచారు. లోపలి గదిలో అనసూయ తన చీరలు మూట కడుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె తలెత్తకుండానే అడిగింది.

“ఒక్క మాట అడుగుతా, అబద్ధం చెప్పకు, ఖరే చెప్తవా?”

“ఏంది?”

“నువ్వు ఏ తప్పు చెయ్యలే కద. మరి ఆ టెస్టు ఎందుకు చేపిచ్చుకున్నవ్?”

ఐదుగురు పెద్దమనుషులకు తట్టని ప్రశ్న. మా అమ్మకు తట్టని ప్రశ్న. ఏ తప్పూ చేయనివాడు, ఒంట్లో ఏ జబ్బూ లేనివాడు, సగం పూట సెలవు పెట్టుకుని పోయి ఆ టెస్టు ఎందుకు చేయించుకుంటాడు?

“రక్తం దానం చేద్దామని పోయిన. గప్పుడు చేసిన్రు,” అన్నాను.

“ఇచ్చినవా మరి రక్తం?”

ఆమె తలెత్తి నన్ను చూసింది. నేను చెప్పాల్సిందంతా నా ముఖంలోనే చదువుకుంది.

“సరే తియ్యి,” అంది. మూట ముడి బిగించింది. తర్వాత కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ఎవరితోనో అన్నట్టు, “ఇద్దరికి ఉందంటే దీన్ని ఎవరు దగ్గరికి తీస్తరు? పుట్టేదానికి ఒక్క ఇల్లన్న మంచి పేరుతోని ఉండాలె,” అంది.

అంతే. బయటికి పోయి ఆ ప్రశ్నను ఆ ఐదుగురి ముందు ఒక్కసారి అడిగి ఉంటే నా పని అయిపోయేది. అడగలేదు. అక్క చెయ్యి పట్టుకుని, తలవంచుకుని, ఆ ఐదుగురి ముందు నుంచి నడిచి పోయింది. మా అమ్మ ఆమె వెనకనే గడపలో నీళ్ళు చల్లింది. నేను చూస్తూ నిలబడ్డాను.

అనసూయ అక్క విడీ ఘర్కుల్‌లో ఉంటుంది, బీడీ పనివాళ్ళకు కట్టిన ఇళ్ళ కాలనీ. అక్కడే దివ్య పుట్టింది. దవాఖాన వాళ్ళు ఇచ్చిన మందు తల్లి వేసుకుంది, బిడ్డకూ పోశారు. అనసూయ బిడ్డకు తన పాలు పట్టలేదు. పాలు కారుతుంటే గుడ్డ కట్టుకుని, డబ్బా పాలు కలిపి తాగించిందని ఆమె అక్క తర్వాత ఎవరితోనో చెబితే నా దాకా వచ్చింది. పసిపిల్లలకు ముందే చేసిన టెస్టు కూడా సరిగా చెప్పదట. తల్లి రక్తం తాలూకు గుర్తులు కొన్నాళ్ళు పిల్ల రక్తంలో ఉంటాయట, లేని రోగం ఉన్నట్టు చూపించవచ్చట. పద్దెనిమిది నెలలు ఆగితేనే ఖాయంగా తెలుస్తుంది. అనసూయ ఆగింది. పద్దెనిమిది నెలలు, ప్రతి దగ్గుకూ ప్రతి జ్వరానికీ చచ్చి బతుకుతూ, ఆగింది. నేను మూడు నెలలు ఆగలేకపోయాను.

దివ్యకు లేదని తేలింది. తేలిన నెలలోనే మా అమ్మ పెద్దమనుషులను వెంటబెట్టుకుని పోయి పిల్లను తెచ్చేసింది. రోగిష్టి దగ్గర మంచి పిల్ల ఎందుకు అంది. అనసూయ పిల్లను ఇచ్చేటప్పుడు ఏమీ అనలేదని అమ్మే ఆశ్చర్యపడుతూ చెప్పింది. ఆమె ఎందుకు ఏమీ అనలేదో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

పిల్లకు మూడేళ్ళప్పుడు నాకు నడుం చుట్టూ సర్పి లేచింది. డాక్టరు అనుమానంగా చూశాడు. సోలాపూర్‌లో కాదని కలబురగి పోయి అక్కడ టెస్టు చేయించుకుంటే పాజిటివ్ వచ్చింది. నాకు ఆశ్చర్యం కలగలేదు. అప్పటి నుంచి నూలు తీసుకురావడానికి అని చెప్పి రైలెక్కి కలబురగి పోయి మాత్రలు తెచ్చుకుంటున్నాను. గ్యాస్ మాత్రల డబ్బాలో వేసుకుంటాను. అనసూయ అవే మాత్రలు ఇక్కడ సోలాపూర్ దవాఖానలో అందరూ చూస్తుండగా లైన్‌లో నిలబడి తీసుకుంటుంది. మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నందుకు ఇద్దరం బతికే ఉన్నాం, పని చేసుకుంటున్నాం. ఒకే రోగం, ఒకే మందు. ఆమెకు చెడ్డపేరు, నాకు జాలి. పాపం, పెళ్ళాం మోసం చేసినా పిల్లను ఎలా పెంచుకుంటున్నాడో చూడండి అంటారు మా వీధిలో. మళ్ళీ పెళ్ళి చేసుకోనందుకు మెచ్చుకుంటారు కూడా. ఆ మెప్పును నేను కాదనలేదు.

రాఖీ పున్నమి నాడు మా కులం వాళ్ళ రథం ఊరేగుతుంది. ప్రతి ఏడూ అనసూయ కొంతం చౌక్‌లో ఒక దుకాణం మెట్ల మీద నిలబడుతుంది, రథంతో పాటు నడిచే మా పిల్లను చూడడానికి. దివ్య ఐదేళ్ళప్పుడు నా భుజం మీంచి చూసి ఆమె ఎవరు పప్పా అంది. నేను చెప్పలేదు, మా అమ్మ చెప్పింది. ఏం చెప్పాలో అన్నీ చెప్పింది. తొమ్మిదో తరగతికి వచ్చాక దివ్య ఆ చౌక్ రాగానే ముఖం అటు తిప్పుకుని నడవడం నేర్చుకుంది. మెట్ల మీద ఆమె మాత్రం అలాగే నిలబడేది. నేను చెప్పు సర్దుకుంటున్నట్టు వంగేవాణ్ణి.

మా అమ్మ ఐదేళ్ళ కింద పోయింది. పోయేముందు దివ్య చెయ్యి పట్టుకుని, మీ అమ్మలా కాకు బిడ్డా అంది. నేను మంచం పక్కనే ఉన్నాను. అప్పుడైనా చెప్పవచ్చు కదా? చచ్చిపోయే తల్లికి బాధ కలిగించకూడదు అని నాకు నేను చెప్పుకున్నాను. పిరికివాడికి సాకులు ఎప్పుడూ మంచి బట్టలే వేసుకుని వస్తాయి.

ఇప్పుడు దివ్యకు పదిహేడు నిండాయి. పన్నెండో తరగతి కాగానే ల్యాబ్ కోర్సులో చేరింది. రక్తపరీక్షలు చేసే చదువు. ఎందుకు అదే ఎంచుకుందో నేను అడగలేదు. మొన్న సెలవు రోజు పొద్దున నేను పోపుకు ఉల్లిగడ్డ కోస్తున్నాను, తను గట్టు మీద కూర్చుని పాఠం వల్లెవేస్తోంది. గట్టిగా చదవడం తన అలవాటు, సగం మరాఠీ, సగం ఇంగ్లీషు. మధ్యలో ఆపి నాకు తెలుగులో చెబుతుంది.

“నెగెటివ్ వచ్చిందంటే మనిషికి లేదని కాదట పప్పా. ఆ దినానికి టెస్టుకు దొరకలే అని, అంతే. జల్దీ పడి చేపిచ్చుకుంటే ఆ రిపోర్టుకు కిమ్మత్ లేదు. మల్ల చేపిచ్చుకోవాలె. మా మేడమ్ పదిసార్లు చెప్పింది.”

మా మేడమ్ కూడా చెప్పింది బిడ్డా, అనుకున్నాను. రెండుసార్లు అడిగింది అర్థమైందా అని.

కత్తిపీట పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాను. పెట్టె తెరిచి కవరు తీశాను. ఎందుకు ఆ రోజే? తెలియదు. బహుశా ఆమె ఆ మాటను అంత మామూలుగా, పాఠంలా, ఎవరి మీదా కోపం లేకుండా చెప్పినందుకేమో. నేను పద్దెనిమిదేళ్ళు దాచిన రహస్యం పిల్లలు కంఠస్థం చేసే వాక్యం.

కవరు ఆమె చేతికిచ్చాను. నా పేరు చదివింది, తేదీ చదివింది, ముద్ర చూసింది. తర్వాత జిరాక్సు బయటికి లాగి కాగితాన్ని వెనక్కు తిప్పింది. ఐదుగురు పెద్దమనుషులు చేయని పని. రెండు గీతలు గీసిన ఆ తేదీని చదివింది. తను పుట్టిన రోజు నుంచి వెనక్కు నెలలు వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

“పప్పా, నువ్వసలు ఈ టెస్టు ఎందుకు చేపిచ్చుకున్నవ్?”

అదే మాట. తల్లి నోట్లోంచి వచ్చినట్టే. అది ఎవరూ ఆమెకు చెప్పలేదు, కాగితం చూసి తనే అడిగింది.

చెప్పాను. హుబ్లీ చెప్పాను, పదో రోజు చెప్పాను, మోరీలో పడేసినవి చెప్పాను. కూతురికి తండ్రి చెప్పకూడని మాటలు కూడా చెప్పాల్సి వచ్చింది. కలబురగి చెప్పాను, గ్యాస్ మాత్రల డబ్బా తెచ్చి చూపించాను. బీడీ కార్ఖానా అతని గురించి నానమ్మ చెప్పింది అబద్ధమని, అది అబద్ధమని నాకు మొదటి నుంచీ తెలుసని చెప్పాను. ఆమె ఏడవలేదు. అమ్మకు తెలుసా అని మాత్రం అడిగింది. ఆ రోజే తెలుసన్నాను. అమ్మ ఎందుకు బయటపెట్టలేదంటే, నీకోసం అన్నాను. అప్పుడు మాత్రం ఆమె ముఖం చూడలేకపోయాను.

కాగితాన్ని మడిచి తన సంచిలో పెట్టుకుంది. చెప్పులేసుకుంది. ఎక్కడికి అని అడిగే హక్కు నాకు లేదు. మా సందు చివరిదాకా చూశాను, కొంతం చౌక్ వైపు మళ్ళింది. విడీ ఘర్కుల్‌కు సిటీ బస్సు దొరికేది అక్కడే.

నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు పుస్తకాలు పంపించమని కబురు పెట్టింది. పంపించలేదు, నేనే తీసుకుపోయాను. పద్దెనిమిదేళ్ళలో నేను ఆ కాలనీలో కాలు పెట్టడం అదే మొదలు. ఇల్లు అడిగి తెలుసుకున్నాను. అనసూయ గుమ్మంలో చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. జుట్టు సగం నెరిసింది. దివ్య లోపలి నుంచి నన్ను చూసి, బయటికి రాలేదు.

పుస్తకాల సంచి గడప మీద పెట్టాను. అనసూయ కత్తెర ఆపలేదు.

“పిల్లకు చెప్పినవట,” అంది.

“చెప్పిన.”

“నాకు ఇంక చెప్పలే.”

పక్కింట్లో ఇద్దరు ఆడవాళ్ళు చాటలు ఆపి మా వైపు చూస్తున్నారు. వాళ్ళకు వినబడుతుందని తెలుసు. ఇన్నాళ్ళూ అందుకే కదా నోరు మూసుకున్నది. గొంతు తగ్గించలేదు.

“హుబ్లీల తప్పు చేసిన. అంటుకున్నదేమో అని భయపడి చేపిచ్చుకున్న. రక్తం దానం అబద్ధం. నీకు నా నుంచే వచ్చింది. ఆనాడు నాకు ఎరుకే.”

ఆమె కత్తెర పక్కన పెట్టి, చేతిలో ఉన్న ఆకులో తంబాకు వేసి చుట్టింది. దారం కట్టింది. మొన గోటితో నొక్కి మడిచి కట్టలో పెట్టింది. తర్వాత పుస్తకాల సంచి అందుకుని లేచి లోపలికి పోయింది. తలుపు వేయలేదు, రమ్మనలేదు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆమె క్షమించలేదు. నేను అడగలేదు. పద్దెనిమిదేళ్ళ మాట ఒక్క మాటతో ఎలా తీరుతుంది? ఆ ఐదుగురిలో ఇద్దరే మిగిలారు. పెద్ద మాస్టర్ లేడు. ఆ ఇద్దరి ఇళ్ళకూ పోతాను, పోయి చెబుతాను. కలబురగిలో అడిగి నా ఫైలు సోలాపూర్ దవాఖానకు మార్పించుకున్నాను. సోమవారం మాత్రలకు అక్కడే లైన్‌లో నిలబడాలి. మా వీధివాళ్ళు ఎవరో ఒకరు తప్పకుండా కనబడతారు, నువ్విక్కడ ఎందుకు అని తప్పకుండా అడుగుతారు.

అడగనీ. చెబుతాను.